నల్లబెల్లం

చిత్తూరు బెల్లం మండీలో కాటా కాడ
పద్దెనిమిదేండ్లుగా నిలబడినాను.
తెల్లబెల్లం పొంగలికి పోతాది.
నల్లబెల్లం యాడికి పోతాదో అడక్కూడదు,
అందరికీ తెలుసు.
పొద్దున నేను తూచిందే
రాత్రికి సీసాలో తిరిగొచ్చి
నన్ను తూచేది.

కాణిపాకంలో మూడుసార్లు ప్రమాణం చేసినాను,
తడిబట్టల్తో, పండ్లు కొట్టుకుంటా,
‘ఈ జన్మలో ముట్టను సామీ’ అని.
మొదటిది పదకొండు దినాలు నిలిచింది.
రెండోది బామ్మర్ది పెండ్లి దాకా.
మూడోది చెప్పను.
చెప్తా. బస్సు దిగేంత వరకు.

జన్మ ఎంత బరువో
రాళ్లేసి చూడకుండానే ఒప్పుకునింటి.

ఆ పైన కాణిపాకం బస్సు ఎదురైతే
అప్పులోణ్ణి చూసినట్టు మొగం తిప్పుకునేవాణ్ణి.
సెల్వి నా చొక్కా జేబులు వెదకడం మానేసింది.
ఆ దినం భయమేసింది నాకు.
వెదికినన్నాళ్లూ
ఏదో మిగిలుందనే కదా.

గ్రీమ్స్‌పేటలో ఒక ట్యూషన్ రూము.
మంగళవారం రాత్రి ఏడున్నర.
పిల్లోళ్ల బెంచీలు, కూచుంటే మోకాళ్లు గడ్డానికి తగలతాయి.
బోర్డు మింద పదమూడో ఎక్కం సగం తుడిచి వదిలేసినారు.
(పేర్లు మార్చి చెప్తా ఉండా. బయట చెప్పకూడదు.)
ఏకాంబరం, రిటైరైన కండక్టరు.
ఖాదర్‌వలీ, మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు కాడ.
కోర్టు గుమాస్తా దేవసహాయం.
ఇంకా ఒక టీచరమ్మ, ఆమెకు మారుపేరు కూడా పెట్టను.

‘జన్మ గిన్మ వద్దబ్బా,’ అన్నాడు ఏకాంబరం,
‘ఈ పూటకి తాగొద్దు.
రేపటి టికెట్టు రేపు కొడదాం.’

నవ్వినాను. నవ్వతానే ఏడ్చినాను.
ఎవురూ ఓదార్చలేదు.
టీ గ్లాసు ఇట్టా జరిపినారు,
సగమే పోసి.
పిసినారులనుకున్నా.
నా చేతులు చూసుకున్నాక తెలిసింది.

దేవుడి మాటొచ్చిన దినం లేచిపోబోయినాను.
ఖాదర్‌వలీ చెయ్యి పట్టుకున్నాడు.
‘నాకు అల్లా. నీకు నీ వినాయకుడు.
టీచరమ్మకు ఈ బెంచీనే అంట.
ఎవురైతే ఏం,
కాటాకి ఆ పక్క నీకంటే బరువైనోడు ఒకడుండాల.
రెండు పక్కలా నువ్వే కూచుంటే
తూకం ఎట్ట తెలిసేది?’

నాకు తెలిసిన భాషలో
నాకు చెప్పింది ఆయప్పే.

తవణంపల్లి రైతు మొగిలప్ప దగ్గర
తాగడానికని తూకంలో నలబై కేజీలు కొట్టేసుంటి.
లెక్క తీసుకోని పొయినాను.
తిట్టినాడు. అమ్మను కూడా కలిపి తిట్టినాడు.
నోట్లు రెండుసార్లు ఎంచుకున్నాడు.
నేను గేటు దాటినాక పిలిచి
చెరుకుగడ ఒకటి విరిచిచ్చినాడు,
ఇంకా తిడతానే.

మొన్న కాణిపాకం పొయినా, పొడిబట్టల్తో.
ఏమీ ఒప్పుకోలేదు, ఏమీ అడగలేదు.
ఆ సామి పెరగతా ఉంటాడంటారు,
పాత కవచం ఇప్పుడు పట్టదంటారు.
ఎవురూ చూస్తా ఉండగా పెరగలేదు కదా.
ఏడాదికి వడ్లగింజంతో ఏమో.
నాకూ అంత చాలు అనిపించింది,
వరసలో వెనకోళ్లు తోస్తా ఉంటే.

మండీలో వాసన మారలేదు.
సాయంత్రం ఆరుకి అది
భుజం మింద చెయ్యేసి పేరు పెట్టి పిలస్తాది.
అప్పుడు ఏకాంబరానికి ఫోను చేస్తా.
ఆయన ‘యాడుండావు?’ అంటాడు.
‘కాటా కాడ.’
‘సరే, నేనూ ఈడ్నే ఉండా.’
అంతే మాట్లాడేది.

పోయిన మంగళవారం కొత్తపిలగాడు ఒకడొచ్చినాడు.
ఇరవై నాలుగేండ్లుంటాయేమో, ఆటో తోలతాడంట.
టీ పోసే పని ఇప్పుడు నాది.
సగం పోసి జరిపినాను.
గ్లాసు వైపు చూసినాడు, నా వైపు చూసినాడు,
లేచి పొయినాడు.

తలుపు చాలాసేపు ఊగింది.
ఆ టీ నేనే తాగినాను, చల్లారినాక.
అడుగున బెల్లం.
బెంచీ చివర అంత జాగా
ఈ వారం కూడా వదిలిపెట్టినాము.