సర్వ చల్లారేదాకా

మా ఇంట్ల ఒక్కటే సర్వ.
తినేటోళ్లం ఏడుగురం.

చిలకలగూడల, రైలు పట్టాల దిక్కు వంటర్ర.
గూడ్సుబండి పోతుంటే
గంజుల మీద మూతలు వాటంతట అవే
ఏదో గొణుక్కునేవి.
అండాలత్త పీటేసుకొని కూసునేది.
బియ్యప్పిండిల నానిన శనగపప్పు, నువ్వులు,
కచ్చాపచ్చాగ దంచిన పల్లీలు, ఉల్లాకు, కరేపాకు,
పచ్చిమిరప నూరిన చేత్తోనే ఉప్పు.
వేడినీళ్లు పోసి పిసికి
నా చెవి తమ్మె పట్టి చూసేది,
పిండి గంత మెత్తగయిందా లేదా అని.
సాయంత్రందాకా చెవి మండేది నాకు.

సర్వ లోపల నూనె రాసి
అడుగుకు ఒత్తి, అంచులకు ఎక్కించి
వేళ్లతోటి బొక్కలు పొడిచేది.
నాలుగు లోతుగ.
ఒకటి సగమే.

ఆజమాబాద్‌ల డబ్బాల ఫ్యాక్టరీల
మిషిన్ కింద పోయింది ఆమె చూపుడువేలు కొస.
ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వరూ ఎత్తకపోయేది.
కానీ ముక్క చేతికి రాంగనే
సగం బొక్క ఎవరికొచ్చిందని
అందరం తిప్పి తిప్పి చూసుకునేటోళ్లం.
అది అవుతలికి దిగదు గద,
నూనె ఆడనే నిలబడి
ఇంకింత ఎర్రగ కాలేది.
దాని కోసం మా అన్న జగదీశ్వర్
నా జుట్టు పట్టి గుంజిండు ఒకసారి.

ఒకటి దిగినంక ఇంకొకటి వెంటనే కాదు.
కాలే సర్వకు పిండి అంటదు.
బోర్లించి, వీపు మీద చెంబెడు నీళ్లు కొడితే
సుయ్యిమని ఆవిరి లేచి
అత్త ముఖం కొంచెంసేపు కనిపించకపోయేది.
ఇగ ఆగాలె.

నోట్లె ముక్క ఉన్నోడు మాట్లాడడు.
వంతు కోసం ఆగేటోడే మాట్లాడతడు.
గట్లనే నాయిన ఒకనాడు, జీతం సగమే ఇచ్చిండ్రని
సర్వ దిక్కు చూసుకుంట అన్నడు.
చిన్నక్క, బడికి ఇగ పోనన్నది.
అమ్మ, మంగళసూత్రం తాకట్టుల ఉందని,
అది కూడా మూడు నెలల సంది.
ఎవరూ అరవలేదు.
ఎవరో సర్వను వేలితో ముట్టి
"ఇంకా కాలుతుంది" అన్నరు.

అత్త వంతు ఆఖరు.
ఒక రాత్రి అందరూ పండుకున్నంక
నేనొక్కదాన్నే ఆమె పక్కన మిగిలిన.
వేలు అడిగిన.
"నొప్పి యాదికి లేదే" అన్నది.
"ఆ పొద్దు టిఫిన్ల సర్వపిండి పెట్టుకపోయిన.
ముట్టకముందే దవాఖానకు ఎత్తుకపోయిండ్రు.
మూడు దినాలు మంచం మీద ఒకటే మనాది,
ఎవడు తిన్నడో ఏమో అని."
నవ్వింది. నవ్వుకుంటనే
కొంగుతో ముక్కు తుడుసుకున్నది.

ఇప్పుడు మణికొండల పదకొండో అంతస్తు.
నున్నటి కరెంటు పొయ్యి.
సొట్టబోయిన సిల్వర్ సర్వను అది గుర్తుపట్టదు,
ఎర్రలైటు పెట్టి కుయ్యి కుయ్యిమంటది,
గేటుకాడ వాచ్‌మన్ లెక్క.
బేగంబజార్ పోయి
ఒంటి పొయ్యి, చిన్న సిలిండర్ తెచ్చుకున్న.

అన్న బిడ్డ మనస్విని నాకాడనే ఉంటది.
నౌకరి, చెవులల్ల తీగలు, రాత్రి రెండుదాకా వెలుగు.
తిన్నవా అంటే తిన్న అంటది.
ఈ ఆదివారం వాసనకు లేచొచ్చి
గోడకు ఒరిగి నిలబడ్డది.
నా వేళ్లన్నీ బాగనే ఉన్నయి.
అయినా నాలుగు లోతుగ పొడిచి
ఒకటి సగంలనే ఆపిన.
మొదటిది ఇద్దరం పంచుకున్నం.
సగం బొక్క దానికే పోయింది,
దానికి తెల్వకుంటనే.

"ఇంకో గిన్నె కొనరాదు అత్తా,
ఇంతసేపు ఎందుకు" అన్నది.
నేనేమనలే.
సర్వ బోర్లించిన. నీళ్లు కొట్టిన. సుయ్యిమన్నది.
ఆవిరి అవుతల నుంచి
చెవులల్ల తీగలు తీసి చేతికి చుట్టుకుంట
"అత్తా, నీకొకటి చెప్పాలె" అన్నది.

రెండో చెంబు ఎత్తినదాన్ని
మెల్లగ కింద పెట్టిన.