ముప్పై మూడో కారు

తొమ్మిదీ నలభైకి ఆఖరి ఫెర్రీ.
డెక్కు మీద ముప్పై రెండు కార్లకు చోటు,
స్టోర్‌విక్ రేవులో నలభై ఒకటి.
గున్‌వోర్ అరచెయ్యి ఎత్తుతుంది.
ముప్పై మూడోది ఆగిపోతుంది.

పందొమ్మిదేళ్లుగా అదే చెయ్యి.
వచ్చే వేసవికి ఫియర్డ్ అడుగున సొరంగం తెరుస్తారట,
ఇక ఎవరూ ఎవరి చెయ్యీ చూడక్కర్లేదు.
కంపెనీ ఉత్తరం రాసింది:
చదువుకోండి, ఫీజు మాదే.
జాబితాలో ఫోర్క్‌లిఫ్ట్ ఉంది, ముసలివాళ్ల సేవ ఉంది,
అట్టడుగున
ప్రోడక్ట్ ఓనర్, మొదటి మెట్టు.
"ఓనర్ అన్నారుగా, చూద్దాం" అంది.
"ఇప్పటిదాకా నాదంటూ ఉన్నది ఈ వానకోటే."

కింద క్యాంటీన్లో వాఫిళ్లు కాల్చేదాన్ని నేను.
గట్టుకీ గట్టుకీ మధ్య ఇరవై రెండు నిమిషాలు,
గొలుసులు బిగించేవీ విప్పేవీ పోగా
మాకు దక్కేది పదకొండు.
నేను ప్రశ్న చదువుతాను,
ఆమె తడి తొడుగులు హీటరు మీద పరిచి
కళ్లు మూసుకుని వింటుంది.

"బ్యాక్‌లాగ్‌లో ఏది ముందో తేల్చేది ఎవరు?"
(నా చెవికి అది పాతబాకీల చిట్టాలా వినబడింది.)
"ఒక్కరే. కమిటీ కాదు.
అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు?"
ఒప్పు.

"ముందొచ్చింది ముందు. అవునా, కాదా?"
నవ్వింది.
ఫిబ్రవరి మంచులో అందరికన్నా ఆఖర్న వచ్చిన అంబులెన్సు కోసం
పాల ట్యాంకర్నీ, పెళ్లివారి బస్సునీ
అంగుళం అంగుళం వెనక్కి నడిపించిన మనిషి.
పెళ్లికూతురి తండ్రి తిట్టిన తిట్లు ఇంకా నాకు గుర్తే.
చెవులు ముందా కొమ్ములు ముందా అన్న పేచీ లేదు ఆమెకు:
ఆగితే ఏది చస్తుందో
అది ముందు.

"పని పూర్తయింది అని ఎప్పుడంటాం?"
"ఆఖరి కారు అవతలి రోడ్డెక్కి
దాని వెనక లైట్లు మలుపు తిరిగాక."
పుస్తకంలో వేరేగా ఉంది.
నేను ఒప్పే వేశాను.
పరీక్ష వెయ్యదు, తెలుసు.

డెబ్బై ఒకటి. డెబ్బై ఎనిమిది. మళ్లీ డెబ్బై ఎనిమిది.
నిన్న ఎనభై నాలుగు.
గట్టెక్కడానికి ఎనభై ఐదు కావాలి.
"ఒక్క కారు చోటు" అంది,
చల్లారిన వాఫిల్ మీద చీజు గీకుతూ.

ఆ ఒక్కటి ఏమిటో వెతికాం.
"స్ప్రింట్ మధ్యలో లక్ష్యమే పనికిరాకుండా పోయింది.
ఆపేసే అధికారం ఎవరిది?"
తడుముకోలేదు: "కెప్టెన్‌ది."
తప్పు.
"మరెవరిది?"
"నీది" అన్నాను.

కళ్లు తెరిచింది.
ఇంజను చప్పుడు టేబులు మీద చెంచాల్ని వణికిస్తోంది.
నాలుగేళ్ల కిందటి అక్టోబరు గాలి
ఇద్దరికీ గుర్తొచ్చింది, ఇద్దరం పైకి అనలేదు.
వెనక్కి తిప్పమని డెక్కు మీంచి రెండుసార్లు అరిచింది.
పైన ఎవరికీ వినబడలేదు, లేదా వినలేదు.
ఒక మోటార్ సైకిల్ నీళ్ల పాలైంది.
బండే కదా, అన్నారు.
బండే. కానీ అరగంట పాటు
దాన్ని పట్టుకోబోయిన కుర్రాడి చెయ్యి
ఆమె చేతిలోనే ఉంది.

"ఇంకోసారి చదువు" అంది.
చదివాను.
"నాది" అంది, మెల్లగా,
కొత్త బూట్లు తొడుక్కుని
నాలుగడుగులు వేసి చూసుకున్నట్టు.

గురువారం పొద్దున పరీక్ష.
ఎనభై ప్రశ్నలు, అరవై నిమిషాలు,
మూడు ఫెర్రీ ప్రయాణాలంత కూడా కాదు.

ఇవాళ బుధవారం. వాన.
ముప్పై మూడో కారులోంచి ఒక కుర్రాడు
అద్దం దించి అరిచాడు: "నేనే ఎందుకు?"
ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు
ఎత్తిన చెయ్యే జవాబు.
ఇవాళ చెయ్యి దించింది.
గొలుసు దాటి వెళ్లి
అతని కిటికీ దగ్గర వంగింది.
పైనుంచి హల్వార్ద్ హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు.
వెనక్కి చూడకుండానే
ఒక వేలు పైకెత్తింది: ఆగు.

ఏం చెప్పిందో నాకు వినబడలేదు.
రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలాం.
రేవులో ఆ కుర్రాడు
ఇంజను ఆపి, సీటు వెనక్కి వాల్చి,
లోపలి లైటు వేసుకున్నాడు.