తరుగు

కీసీ కొండల్లో తేయాకు కొనే షెడ్డులో
కొక్కేనికి వేలాడేది గుండ్రటి కాటా.
గుమస్తా ఒబారే ముల్లు వైపు సరిగ్గా చూడకుండానే
"తడి, సంచీ, రెండు కిలోలు తరుగు" అని రాసుకునేవాడు.
ఎండలు మండే నెలలోనూ మా ఆకు తడిగానే ఉండేది.

ఇక్కడ యోయెన్సూలో తూకం అంత మోటుగా ఉండదు.
ఫోన్లో లాగిన్ అయితే చాలు,
మీ అనుమతి ఇంకా అరవై మూడు రోజులు
అని మర్యాదగా చెబుతుంది.
తడి ఎంత, సంచీ ఎంత, అది మాత్రం చెప్పదు.

తెల్లవారుజామున మూడున్నర.
షాపింగ్ మాల్లో నేల తుడిచే యంత్రాన్ని తోస్తున్నాను.
నీటిశుద్ధిలో మాస్టర్స్ చేశాను కదా,
నా బకెట్లో నీళ్ళ గురించి
ఈ ఊళ్ళో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

పిన్ని కూతురు మొరా మెసేజ్ పెట్టింది:
"అడ్మిషన్ వచ్చింది కెరూబో.
శుక్రవారంలోగా ఫీజు కట్టాలి.
అక్కడ ఉద్యోగం దొరుకుతుందా దొరకదా,
ఒక్క మాటలో చెప్పు."

ఒక్క మాట.
నా క్లాసులో ఒసేయ్ ఉండేవాడు, అందరికంటే మార్కులెక్కువ,
ఇప్పుడు మంచులో సైకిల్ మీద పిజ్జాలు మోస్తూ ఇక్కడే ఉన్నాడు.
దిల్‌ఫూజా వీసా అయిపోయిన రోజున ఏడ్చి, నూకుస్ వెళ్ళిపోయింది.
ఉప్పుదేలిన బావుల నీళ్ళకి ఇప్పుడు తనే పరీక్షలు చేస్తోంది.
వీళ్ళలో ఎవరు గెలిచినట్టు?
అడిగితే ఒకరు రెండోవాళ్ళ పేరు చెబుతారు.

మా పొదుపు సంఘంలో పదకొండు మంది ఆడవాళ్ళు
నా అప్పుకి పూచీ ఉండి వేలిముద్రలు వేశారు.
వాళ్ళకి కావలసింది వాయిదా.
అది సరిగ్గా అందుతోంది, నేల తుడిచిన డబ్బులోంచి.
చదివిన చదువులోంచి ఇంకా పైసా పోలేదు.

లైబ్రరీలో మంగళవారాలు ఫిన్నిష్ నేర్పే తూలిక్కి అంటుంది,
ఈ భాషలో సగంలో ఉన్న పనికి వేరే విభక్తి ఉందని.
చదివేసిన పుస్తకానికి ఒక ముగింపు,
చదువుతున్న పుస్తకానికి ఇంకొకటి.
"మా అన్న స్వీడన్ వెళ్ళి కార్లకి బోల్టులు బిగించాడు,
ఏం నేర్చుకున్నావని చచ్చేదాకా ఎవరూ అడగలేదు"
అని కాఫీ ఒంపుతూ నవ్వింది.
ఆ రోజు నా పేరుని ఆ సగం విభక్తిలో రాసి చూసుకున్నాను.
బాగానే అతికింది.

కానీ మొరా, ఒకటుంది.
మొదటి చలికాలంలో ఓ రాత్రి, ల్యాబులో నేనొక్కదాన్నే,
మురుగు బొట్టుని సూక్ష్మదర్శిని కింద పెట్టాను.
గంటల్లాంటి చిన్న జీవులు కాడల మీద ఊగుతూ
కుళ్ళుని తింటున్నాయి, తిని నీటిని నీరు చేస్తున్నాయి.
ఆఖరి బస్సు పోయింది. నాలుగు కిలోమీటర్లు నడిచాను.
చలి తెలియలేదంటే అబద్ధం, కానీ నవ్వుకుంటూ నడిచాను.
దాన్ని ఏ సంచీలో పోసి కొక్కేనికి తగిలించను?

యంత్రం ఆపి, గ్లౌజులు తీసి రాశాను:
పట్టా చేతికిచ్చిన మర్నాడే విమానం ఎక్కించేస్తారనుకో.
అప్పుడు కూడా ఈ డబ్బు పెడతావా?
పెడతానంటేనే రా.
కార్డు కోసమే అయితే, ఆ డబ్బుతో అక్కడే రెండు ఆవులు కొను.

పంపాక గుర్తొచ్చింది,
నేను వచ్చేముందు ఈ ప్రశ్న వేసుకోలేదని.
వేసుకుని ఉంటే వచ్చేదాన్నే కాదేమో.
ఆ గంటల జీవుల్ని చూసేదాన్నీ కాదు.

నీలం టిక్కులు పడ్డాయి.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, "అక్కడ చలికోటు ఎంతవుతుంది?"

నాది ఇస్తాలే,
అరవై మూడు రోజుల తర్వాత నాకు అక్కర్లేకపోవచ్చు
అని రాసి, చెరిపేసి,
కొత్తదాని ధర రాశాను.