ఎవరికీ అక్కర్లేనివి

పడవ దిగేసరికి వాన.
చిలోయే దీవిలో అది వార్త కాదు.
మత్స్యకారుల సంఘం గది తాళం తీసి
"ఇదిగో, నీ రోగి" అంది ఎదువీహిస్.
బల్ల కింద పదమూడేళ్ల లినక్స్ కంప్యూటర్,
దాని వెచ్చదనానికి ఆనుకుని పిల్లి.

డిస్కు నిండిపోయింది.
ఈ నెల ఆల్చిప్పల లెక్క ఎక్కించబోతే
చోటు లేదు పొమ్మంటోంది.

నల్ల తెర తెరిచాను.
ఎప్పుడో అమ్మేసిన రెండు ప్రింటర్ల డ్రైవర్లు తీశాను.
ఎవరూ నేర్చుకోని గిటారు పాఠాలు తీశాను.
పెంగ్విన్ మంచు మీద జారే ఆట దగ్గర
"అయ్యో, అది మా మేనల్లుడిది" అంది.
కాసేపాగి,
"వాడిప్పుడు లారీ తోలుతున్నాడు. తీసెయ్."

తెర మూలన ఓ వాతావరణం బొమ్మ,
ఈ వానల దీవిలో ఏళ్ల తరబడి ఎండే చూపిస్తోంది.
దాన్ని తీయబోతే డొంకంతా కదిలింది:
దీంతోపాటు మరో రెండొందల పద్నాలుగు పోతాయి, సరేనా?
వద్దన్నాను.
ఎండ అలాగే ఉండిపోయింది.

తర్వాత యంత్రమే చదివింది
ఇకపై ఎవరికీ అక్కర్లేనివి అంటూ
ముప్పై ఏడు పేర్లు.
ఎవరి వెంటో వచ్చి,
వాళ్లు వెళ్లిపోయినా పోనివి.
సరే అన్నాను.

చివర్లో ఒక్కటి, ఆటుపోట్ల లెక్క కట్టేది.
దాని మీద ఏదీ ఆధారపడి లేదు, రెండుసార్లు చూశాను.
చిన్నదే. తీయకపోయినా పోయేది.
కానీ చెయ్యి ఊపులో ఉంది:
సెట్టింగులతో సహా, వేళ్లతో సహా పెరికేశాను.

రాత్రి తిరుగు పడవ లేదు, అక్కడే పడుకున్నాను.
ఐదూ నలభైకి ప్రింటర్ తనంతట తనే దగ్గింది.
తలుపు తీస్తే దోన్ బెలార్మినో,
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో బకెట్.
రోజూ ఈ వేళకి వస్తాడట, నాచు ఏరడానికి వెళ్తూ.
కాగితం అందుకున్నాడు.
పైన తేదీ. కింద ఏమీ లేదు.
వెనక్కి తిప్పి చూసి అడిగాడు:
"ఏం, ఇవాళ సముద్రం లేదా?"

నేను చూసిన ఏ జాబితాలోనూ
ఆయన పేరు లేదు.

ప్రోగ్రాం రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది,
అంకెలు మాత్రం పెద్ద రేవువి.
ఈ పాయకి ఎంత కలపాలో
పాత గుమస్తా ఓట్టో కార్కమో రాసుకున్న వరస
నిన్న నా చేతుల్లోనే పోయింది.
ఆయన పుంతా అరేనాస్ వెళ్లి నాలుగేళ్లు.

"ఇరవై రెండు నిమిషాలు" అన్నాడు బెలార్మినో.
"మీకెలా తెలుసు?"
"ఓట్టోకి చెప్పింది ఎవరనుకున్నావ్?
కర్రకి గీతలు పెట్టి ఒక చలికాలమంతా చూశాం."

ఇరవై రెండు అని కొట్టాను.
ప్రింటర్ మళ్లీ దగ్గి, కాగితం మెల్లగా బయటికి తోసింది.
తీసుకోవడానికి గుమ్మంలో ఎవరూ లేరు.
బకెట్ చప్పుడు అప్పటికే రాళ్ల మీదుగా దిగిపోతోంది,
నీళ్లు తీస్తున్న వైపు.