కాపడం

కుడి రెక్క లెగడం లేదనీసి
శ్రీహరిపురంలో కుర్రడాక్టరు దగ్గరికెళ్తే
"వేడి పెట్టాలా, ఐసు పెట్టాలా అన్నది
నొప్పి కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టుంటాదమ్మా" అన్నాడు.
కొత్తదైతే రెండ్రోజులు ఐసంట.
పాతదైతే కాపడం.
పదకొండేళ్లుగా రొయ్య తల తీస్తన్నాను,
ఎన్నో రొయ్య దగ్గర మొదలయ్యిందో
ఎలా చెప్తాను?

ఐసు మాత్రం వద్దు బాబూ అన్నాను.
రాత్రి తొమ్మిదికి హార్బరు ఎనకాల కంపెనీలో చేతులు పెడితే
తెల్లారగట్ల తీస్తాను.
గ్లవుజు మీద గ్లవుజు తొడిగినా
మూడో గంటకి వేళ్లు నావి కావు.
ట్రేలో రొయ్యల్తో పాటు తూకానికి ఎళ్లిపోయాయేమో అని
ఒకో పాలి లెక్కెట్టుకుంటాను.

మా లచ్చన్నది దీనికి ఎదురు.
స్టీల్ ప్లాంట్‌లో కోకు బట్టీ మీద మూతలు తీసీ పని.
చెక్క అడుగు బూట్లేసుకున్నా అరికాళ్లు
పెనం మీద మరిచిపోయిన రొట్టెలే.
రోళ్లు పగిలీ రోహిణి ఎండలో గేటు బయటికొచ్చి
"అబ్బ, ఎంత చల్లగున్నాదే" అంటాడు.
వొట్టు. నిజంగానే అంటాడు.

ఎదురింటి గున్నమ్మ
బీచ్ రోడ్డులో కొత్తగా తెరిచిన చోట తుడుస్తాది.
చెక్క గదిలో కూచోబెట్టి చెమట్లు పట్టిస్తారంట,
ఎంటనే ఐసు తొట్లో దింపుతారంట,
ఒళ్లు కుదుటపడతాదంట, నిద్ర పడతాదంట.
ఎంతసేపే? అన్నాను.
"ఐసులో రెండు నిమిసాలు. గోడకి గడియారముంటాది.
చాల్లే అనుకుంటే మజ్జలోనే లెగిసొచ్చీవొచ్చు.
తువ్వాలు నానే అందిస్తాను."
డబ్బెంతో కూడా చెప్పింది. దానికి నవ్వలేదు.
లెగిసొచ్చీవొచ్చు అన్నదానికే
ఇద్దరికీ కుళాయి దగ్గర నవ్వాగలేదు.
బిందె నిండి పొర్లిపోయింది.

అలాగని ఆళ్లని తప్పు పట్టను.
ఐసులోంచి తీసిన చెయ్యి
టీ గ్లాసు చుట్టూ పెట్టుకున్నప్పుడు
రగతం ఎనక్కొస్తాది చూడు,
సూదులు గుచ్చినట్టు, చక్కిలిగిలి పెట్టినట్టు,
ఆ ఒక్క నిమిసానికి
ఎవరైనా డబ్బులిచ్చీగలరు.

ఇద్దరి సెలవులూ కలిసీది నెలకో ఆదివారం.
సెలవురోజైనా నా చేతుల్లో చలి దిగదు,
ఆయన ఒంట్లోంచి బట్టీ పోదు.
బోర్లా పడుకుంటాడు, మెడ మీద చేతులు ఆనిస్తాను.
ఆయనకి చలవ, నాకు కాపడం.
పది నిమిసాలకి ఇద్దరం ఒకే వేడికొచ్చీసి
ఒకరికొకరం ఇంక పనికిరాం.
చొక్కా తగిలించుకుని కోడికూరకి ఎళ్తాడు.

ఆయనకి పొద్దుటి షిఫ్టు పడిన వారాల్లో
నానొచ్చీసరికి ఎళ్లిపోయుంటాడు.
మల్కాపురం సందులో ఇంకా చీకటే,
పోర్టు బొగ్గుదుమ్ము వాసన.
తాళం తియ్యడానికి రెండు చేతులూ కావాలి.
లైటెయ్యను.
చాప మీద ఆయన పడుకున్న చోటు తడుముతాను.
కంపెనీ బస్సు తొందరగా వదిలిన రోజున
దుప్పటి కింద ఇంకా ఉంటాది.
రెక్క దానికానించి అటే తిరిగి పడుకుంటాను.

బస్సు లేటైతే
పొయ్యి ముట్టించి
ఇసుక మూట ఏడిచేసుకుంటాను.