గరిటెతోనే

పుష్యమాసం, తెల్లారి నాలుగు.
కాశీబుగ్గ రైలుగేటు దీపం
మంచులో నానిన పసుపుముద్ద.
జీడిబట్టీ ఇంకా రాజెయ్యలేదు.
నిన్నటి బూడిదలో మూడు గుంతలు,
గుంతకో కుక్క,
ముక్కుని తోకకిందికి తోసుకుని
సున్నాలా ముడుచుకుని.

రాత్రే నానేశాను చోడిపిండి.
నూకలు విడిగా.
సిమ్మాద్రి కొట్లో కోడికాళ్ళు, తోళ్ళు
ఇరవై రూపాయలకి ఒక కవరు.
"ఏటే దాలమ్మా, బిర్యానీ వండుతున్నావేటి?"
రోజూ అదే హాస్యం,
కవరు మాత్రం చలి ముదిరేకొద్దీ
కొంచెం కొంచెం బరువు.

ఉప్పు వెయ్యను. ఉల్లిపాయ వెయ్యను.
ఎండు నెత్తళ్ళయితే
రెండు నీళ్ళు పారబోశాకే కుండలోకి.
కాళ్ళు ఉడికి జిగురు దిగాక
దీపం దగ్గరికి లాక్కుని
ఎముకలు ఏరతాను,
చిన్నవి, సూదుల్లాంటివి, ఒక్కటీ వదలకుండా.

పోయినేడు వదిలాను.
పనికి ఆలస్యమైందని.
తెల్లకుక్క రెండు రోజులు దగ్గి
బస్తాలగది వెనక పడుకుంది.
పెట్టింది నేనే.
దాని పేరు ఇప్పుడు పిలవను.

ఇరవయ్యారేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులివి.
పెంకులోంచి చిమ్మిన నూనె
తోలు తిని నలుపు మిగిల్చింది.
రేషన్ మిషను మీద వేలు పెడితే
ఎవరు నువ్వు అంటుంది.
కుక్కలూ అంతే,
చేత్తో పెట్టబోతే మూతి వెనక్కి తీసుకుంటాయి,
ఆ ఘాటుకి.
అందుకని గరిటె.
గిన్నె అంచుమీద రెండు దెబ్బలు కొడితే చాలు,
మూడు సున్నాలూ విప్పుకుని
బూడిద దులుపుకుని కుక్కలవుతాయి.

"మడుసులకే నేదు, కుక్కలకి రెండో గరిటెందుకే?"
తవిటమ్మ అడిగింది.
వణకడం కూడా పనే పిన్నీ అన్నాను.
రాత్రంతా ఒళ్ళు వణికించి
ఒళ్ళు వెచ్చబెట్టుకుంటాయి,
రాత్రి డ్యూటీ.
డ్యూటీకి కూలి పడాలా వద్దా?
అది నవ్వలేదు.
మర్నాడు చీరకొంగులో
రెండు చేపతలకాయలు ముడేసుకొచ్చింది.

ఆ తలకాయలు మేస్త్రీకి.
మేస్త్రీ అంటే మా పిల్లి,
బస్తాల వరసలమీద నడుస్తూ
అందరి పనీ చూస్తాది,
ఎవరికీ కూలి పెంచదు.
అంబలి దాని మర్యాదకి తక్కువ.
చేప కావాలి, అదీ గోరువెచ్చగా.
చల్లారిందంటే వాసన చూసి
నా వంక చూసి
వెళ్ళిపోతాది.
మళ్ళీ పొయ్యిమీద పెడతాను.
నా కూడు నేనెప్పుడూ
రెండోసారి వేడిచేసుకోలేదు.

ఒక చిప్పలో నీళ్ళు, అవీ వెచ్చగానే.
మంచుకి కుండీలో నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి,
తాగకుండా తిరుగుతాయి వెర్రివి.

తవుడు వచ్చేస్తాడు ఇంకో అరగంటలో.
బట్టీ రాజేసేలోగా
బూడిదలోంచి అందరినీ లేపాలి.
వచ్చే చలికి బాయిలర్ వస్తాదట,
పొగ ఉండదట, మంచిదేనట.
బూడిద కూడా ఉండదు.
ఆ మాట ఎవరూ అనుకోలేదు,
నాకూ కుక్కల్ని లేపుతుంటేనే తోచింది.

బొగ్గుది పెద్ద ఆకలి, గోధుమది తొందర,
ముసలిదానికి పళ్ళు లేవు,
దానికి నూకలు వేలితో కాదు, గరిటె వెనకతో
మెత్తగా నూరి పెట్టాను.
గేటు పడింది. గూడ్సు పోతోంది.
గిన్నెలోంచి ఆవిరి, మూతుల్లోంచి ఆవిరి,
నా నోట్లోంచీ.

గిన్నె కడగబోతూ చూశాను,
బూడిదలో ఇంకో గుంత.
నాలుగోది. పిడికెడంత.
ఎవరూ లేరు అందులో.

నా వేళ్ళకి వేడి తెలీదు.
వంగి, మణికట్టు ఆనించాను.

వెచ్చగానే ఉంది.

గిన్నె అడుగు గీకి
ఒక గరిటె దాచాను.