వెలుపలి ఉద్ది

కర్రలు అనొద్దు, కోలలు అనండి
అని మొదటి రాత్రే కసిరాడు చెంచురత్నం మేస్త్రి.
మేం తెచ్చినవి కర్రలే మరి.
పొగాకు కట్టే కర్రల్ని మూరెడు మూరెడు కోసి
గాజుపెంకుతో గీరి తెచ్చుకున్నాం.
అసలు కోలలు ఉదయగిరిలో తరిణె మీద ఉన్నాయంట,
రంగు ఆరాలంట.

కొండపి దాటినాక మా ఊరు,
ఊరు దాటినాక బ్యారన్,
బ్యారన్ వెనక చదును చేసిన జాగాలో
ఒక్క బల్బు కింద పదహారుమంది ఆడోళ్ళం.
పగలంతా ఆకు అల్లిన చేతులు.
ఆ జిగురు సబ్బుకి పోదు, చింతపండుకి పోదు.
కోల అరచేతికి అతుక్కుని
వదలమన్నప్పుడు వదల్లేదు రమిజాబీకి.
నవ్వీ నవ్వీ ఆ రాత్రి పాఠం అంతటితో సరి.

రెండో రాత్రి పేర్లు.
ఉద్ది అంటే జత.
లోపలి ఉద్ది నిలిచిన కాడే నిలవాల.
వెలుపలి ఉద్ది
మనిషి తర్వాత మనిషిని దాటతా పోవాల.
కోపు అంటే అడుగూ కాదు, దెబ్బా కాదు,
రెండూ కలిసి తిరిగే దారి.
ఒంటి కోపు, జంట కోపు, పాము కోపు.
వెన్నముద్ద కోపులో వంగి లేవాల అంటే
"నా నడుం సంగతి నీకేం ఎరక" అంది సుబ్బరత్నం.
ఈల ఒకటైతే కదులు, రెండైతే ఆగు.

నాకు లెక్క రాదు.
ఒకటి రెండు మూడు అంటే కాళ్ళు బిగుసుకుంటాయి.
అందుకని అవి మానేసి
ఆకు అల్లే లెక్క పెట్టుకున్నా:
మూడాకులు, మెలి.
మూడాకులు, మెలి.
మెలి కాడ మడమ తిప్పితే
కోపు దానంతటదే పడింది.

ఎస్తేరమ్మని దాటి, రమిజాబీని దాటి,
వాళ్ళ కోడల్ని దాటితే
నాలుగో మనిషి మాలకొండమ్మ.

మూడేళ్ళయింది మాటల్లేక.
నా బిడ్డ జరంతో ఒంగోలు ఆసుపత్రిలో పడుంటే
చీటీ నాకొదలమని అందర్నీ బతిమాలుకున్నా.
ఆమె నా మీద పాడింది.
రేకుల ఇల్లు వేసుకుంది.
ఆ రేకుల మీద వాన పడితే
ఇప్పటికీ నా డబ్బులే మోగతన్నట్టుంటది.

అందుకని ఆమె కాడికొచ్చినప్పుడల్లా
జానెడు ఇవతలే గాలిని కొట్టి దాటేదాన్ని.
ఆమే అంతే.
చూసేవాళ్ళకి తెలీదు.

మేస్త్రి చూడడు.
మా వైపు వీపు పెట్టి
పొగాకు బేలు మీద కూచుని, బీడీ తాగతా వింటాడు.
ఆరో రాత్రి ఈల రెండుసార్లు వేశాడు.
"ఎనిమిది జతలు. నాలుగో తిరుగుడు కాడ ఏడే పలకతా ఉండాయి.
యాడో ఒక జత మూగదైపోయుండాది."
ఎవరం కిక్కురుమనలా.
"కోపంలో సున్న ఇంటికాడ పెట్టి
కొమ్ము తగిలించుకోని రాండి మే,
కోపు అవుద్ది."

నేను చదువుకోలా.
ఎనిమిదో తరగతి నా బిడ్డ
పొయ్యి ముందు బొగ్గుతో రాసి చూపించింది.
ఆ మాట. ఈ మాట.
నిజమే, తేడా ఎంతో లేదు.
పొద్దున అలికేటప్పుడు
రెండూ తుడిచేశా.

ఏడో రాత్రి ఉదయగిరి కోలలొచ్చాయి.
ఎరుపూ పసుపూ, కొసన చిన్న మువ్వ.
నాలుగో మనిషి.
మూడాకులు, మెలి.
కొట్టా.
ఆమే కొట్టింది, నాకంటే గట్టిగా,
మూడేళ్ళదీ వడ్డీతో సహా.
కోల జారి నా వేలి కణుపు మీద పడింది.

మేస్త్రి వీపు కదల్లా.
బీడీ పొగ మాత్రం ఒకసారి బారుగా లేచింది.

"తగిలిందా?" అంది మాలకొండమ్మ.
"కోల తిన్నంగా పట్టు మే" అన్నా.
ఇంకేందో అనబోయింది.
నేనూ.
ఈల పడింది, ఒకటే.
ఎదురుగా సుబ్బరత్నం
కోలలెత్తుకుని నిలబడుంది.

మిగతా మాటకి
ఇంకా ఏడుగుర్ని దాటి రావాల.